నేపాల్‌కు ఇద్దరమే బ్యాక్‌ప్యాకింగ్: నాకు దూకాలని ఉబలాటం, మా వారికి ఎత్తులంటే భయం

ప్రశ్న: వాలీబాల్ కోర్టు, హనుమకొండ

నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిని. మా వారు బ్యాంకులో పని చేస్తారు. పెళ్లయిన నాటి నుంచి మా ప్రయాణాలన్నీ గుళ్లకూ, బంధువుల శుభకార్యాలకూ సరిపోయాయి. ఈసారి దసరా సెలవుల్లో టూర్ ప్యాకేజీల జోలికి పోకుండా, వీపున మోసుకోగలిగినంత సామానుతో ఇద్దరమే నేపాల్ వెళ్లాలని నిశ్చయించుకున్నాము. రాకపోకలతో కలిపి చేతిలో ఉన్నది దాదాపు రెండు వారాలు. అన్నపూర్ణ బేస్ క్యాంపు వరకు నడక, త్రిశూలి నదిలో రాఫ్టింగ్, పొఖరాలో పారాగ్లైడింగ్, కుశ్మాలో బంజీ జంప్ (సాగే తాడు కట్టుకొని ఎత్తు నుంచి దూకడం) అన్న నాలుగూ నా కోరికల జాబితాలో ఉన్నాయి.

చిక్కేమిటంటే మా ఇద్దరి శరీరాలూ, భయాలూ ఒక తీరువి కావు. నేను కళాశాల రోజుల నుంచి వాలీబాల్ ఆడుతున్నాను, ఇప్పటికీ పిల్లలతో పాటు పరుగెత్తుతాను, ఈత కూడా వచ్చు. మా వారు రోజూ పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తారు, ఎంత దూరమైనా నడవగలరు. కానీ మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి కిందికి చూడాలంటే ఆయనకు అరచేతులకు చెమటలు పడతాయి. ఈత రాదు. "ఎక్కడికైనా వస్తాను, కానీ నన్ను దేని మీద నుంచీ దూకమని అడగవద్దు" అని ముందుగానే మాట తీసుకున్నారు.

రెండు వారాల్లో ఇవన్నీ ఇముడుతాయా, ఏది ముందు పెట్టుకోవాలి, ఆయన భయానికి నడకదారిలో ఎంతవరకు ఇబ్బంది ఉంటుంది, బేస్ క్యాంపు ఎత్తులో ఆరోగ్యం విషయమై ఏ జాగ్రత్తలు అవసరం అన్నవి నా ప్రశ్నలు. కొన్ని పనులు నేనొక్కదాన్నే చేసి, ఆయన ఒడ్డున కూర్చుంటే ఇద్దరం కలిసి వెళ్లిన తృప్తి మిగులుతుందా అన్న సందేహమూ ఉంది. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1: కొండదారి

అమ్మా, మీ జాబితా రెండు వారాలకు ఇముడుతుంది, అయితే విమానంలో వెళితేనే. వరంగల్ మీదుగా గోరఖ్‌పూర్ వెళ్లే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అక్కడి నుంచి సునౌలీ సరిహద్దు దాటి, పాల్పా కొండల మీదుగా పొఖరా చేరవచ్చు. తీరిక ఉన్నవారికి అది మంచి దారే, లుంబిని కూడా ఆ పక్కనే ఉంటుంది. మీ సెలవుల్లో మాత్రం రానూ పోనూ ప్రయాణానికే సగం రోజులు కరిగిపోతాయి కాబట్టి, హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా కాఠ్‌మాండూకు విమానం తీసుకోండి. భారతీయులకు వీసా అక్కర్లేదు. అయితే విమానంలో వెళ్లేవారు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గానీ చూపాలి. ఆధార్ కార్డు ఉంది కదా అని విమానాశ్రయానికి వెళ్లి వెనుదిరిగిన పెద్దమనుషులు ఏటా కనిపిస్తూనే ఉంటారు. ఇద్దరూ పాస్‌పోర్టే తీసుకెళ్లండి, నడక అనుమతి పత్రాలకూ అదే పనికొస్తుంది.

క్రమం విషయంలో నా సలహా ఇది. కాఠ్‌మాండూ నుంచి పొఖరా దాదాపు 200 కిలోమీటర్లు. పృథ్వీ రాజమార్గం చాలా దూరం త్రిశూలి నది పక్కనే సాగుతుంది. రాఫ్టింగ్ చేయించేవారు ఉదయం కాఠ్‌మాండూ బస్సులోంచి మిమ్మల్ని నది దగ్గర దింపుకొని, పడవ ప్రయాణం ముగిశాక పొఖరా వెళ్లే బస్సు ఎక్కించే ఏర్పాటు కూడా చేస్తారు. దానివల్ల రాఫ్టింగ్ కోసం విడిగా ఒక రోజు ఖర్చు కాదు, పైగా ఆ దారిలోని గతుకుల ప్రయాణం రెండు ముక్కలవుతుంది. పొఖరాలో ఒక రోజు విశ్రాంతి తీసుకొని నడక మొదలుపెట్టండి. పారాగ్లైడింగ్‌నూ, బంజీనీ నడక ముగించి వచ్చాక పెట్టుకోండి. బంజీలో నడుము పట్టేసినా, చీలమండ బెణికినా అప్పటికి మీ నడక పూర్తయి ఉంటుంది; ముందే జరిగితే బేస్ క్యాంపు మాట మరచిపోవాల్సిందే. పారాగ్లైడింగ్‌కు వాతావరణం అనుకూలించాలి కనుక చివర్లో రెండు రోజులు చేతిలో ఉంచుకోవడం కూడా మేలు.

నడక గురించి: పొఖరా నుంచి జీపులో ఘాంద్రుక్ దాకా వెళ్లి, అక్కడ 2,000 మీటర్ల ఎత్తులో మొదటి రాత్రి గడపండి. గురుంగ్ తెగవారి ఊరు, రాతి పలకల కప్పులు, నేరుగా ఎదుట అన్నపూర్ణ దక్షిణ శిఖరం, మచ్ఛపుచ్ఛ్రే. తరువాత ఛోమ్‌రోంగ్ 2,170 మీటర్లు, దోభాన్ 2,600, దేవరాలీ 3,230, మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంపు 3,700, అన్నపూర్ణ బేస్ క్యాంపు 4,130. చాలామంది దేవరాలీలో పడుకొని మరునాడు ఏకబిగిన 900 మీటర్లు ఎక్కి పై క్యాంపులో రాత్రి గడుపుతారు. తలనొప్పులు మొదలయ్యేది అక్కడే. మీరు 3,700 మీటర్ల దగ్గర పడుకొని, మర్నాడు తెల్లవారుజామున టార్చిలైటుతో బయలుదేరి, సూర్యోదయానికి పై క్యాంపు చేరి, మధ్యాహ్నానికల్లా కిందికి దిగిపోండి. 8,091 మీటర్ల అన్నపూర్ణ ప్రథమ శిఖరపు గోడ మీద మొదటి ఎండ పడడం చూడటానికి పైన పడుకోవలసిన అవసరం ఏమీ లేదు.

మీ వారి భయం సంగతి. ఈ దారిలో అంచున కాలు మోపి గోడను పట్టుకొని పాకాల్సిన చోట్లు లేవు. చాలావరకు వెడల్పాటి రాతిమెట్లు, అడవి, వెదురు పొదలు. ఇబ్బంది పెట్టేవి వేలాడే వంతెనలు మాత్రమే. జీనూ దగ్గరి వంతెన పొడవు 287 మీటర్లు, కింద లోయ బాగా లోతు. వంతెన మధ్యలో నడుస్తూ, అడుగుల వైపు కాకుండా అవతలి స్తంభం వైపు చూస్తూ, ముందు మీరూ వెనుక గైడూ ఉంటే దాటేస్తారు. కంచరగాడిదల గుంపు వంతెన మీద ఉన్నప్పుడు మాత్రం ఎవరూ అడుగు పెట్టకూడదు. దారిలో అవి ఎదురైతే లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడాలి. ఈ సంగతి తెలియక లోయ అంచున నిలబడి, మూటల తాకిడికి తూలిపడేవారుంటారు.

మెట్లకు మోకాళ్లను సిద్ధం చేసుకోవాలి. చదునైన చెరువు కట్ట నడక అందుకు చాలదు. వీలైతే వెళ్లేలోగా ఒకసారి తిరుపతి వెళ్లి అలిపిరి మార్గంలో 3,550 మెట్లు వీపున సంచితో ఎక్కండి. దర్శనమూ అవుతుంది, మీ వారి మోకాళ్ల సంగతీ తెలుస్తుంది. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్లను పరీక్షిస్తుంది కాబట్టి, దిగేటప్పుడు బస్సు ఎక్కకుండా నడిచే రండి.

ఖర్చుల గురించి నాలుగు మాటలు. ఒక భారతీయ రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఇది స్థిరమైన మారకం. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతపు ప్రవేశ రుసుము సార్క్ దేశస్థులకు 1,000 నేపాలీ రూపాయలు, ఇతర విదేశీయులకు 3,000. టిమ్స్ కార్డు, అంటే నడక యాత్రికుల నమోదు పత్రం, కూడా మనకు 1,000. 2024 నుంచి మన యూపీఐ నేపాల్‌లోని ఫోన్‌పే (Fonepay; మన PhonePe కాదు, అక్కడి సంస్థ) క్యూఆర్ పలకల మీద పనిచేస్తోంది. పొఖరా బజారులో ఇది అక్కరకు వస్తుంది, కొండ మీద మాత్రం నగదే గతి. మన నోట్లలో వంద రూపాయలవి ఎక్కువ పెట్టుకోండి, ఐదువందల నోట్ల మీద ఆధారపడకండి. దంపతులకు ఒక సౌకర్యం ఉంది: లాడ్జీల్లో గది అద్దె మనిషికి కాకుండా గదికి లెక్క, అదీ తక్కువే, కాకపోతే రాత్రి భోజనమూ ఉదయపు ఫలహారమూ అక్కడే తినాలన్నది అలిఖిత నియమం. వేడినీళ్లకూ, ఫోను ఛార్జింగుకూ విడిగా తీసుకుంటారు. దాల్ భాత్ చెప్పండి. అన్నం, పప్పు, కూర మళ్లీ మళ్లీ వడ్డిస్తారు, మన కడుపుకు అంతకన్నా తగినది ఆ కొండల్లో దొరకదు. ఆవకాయ సీసా మోసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే మోస్తాను.

జవాబు 2: విశాఖ వైద్యుడు

పై జవాబులో చెప్పిన మజిలీలు సబబుగా ఉన్నాయి. ఆరోగ్యం విషయంలో నేను చెప్పదలచుకున్న మొదటి సంగతి వ్యాయామ ఉపాధ్యాయిని గారికే ఎక్కువ వర్తిస్తుంది. క్రీడాకారుల దేహదారుఢ్యం ఎత్తుల జబ్బు నుంచి కాపాడదు. పైగా వేగంగా ఎక్కగలిగినవారు వేగంగానే ఎక్కుతారు కాబట్టి, మెల్లగా నడిచే భర్త క్షేమంగా ఉండి, చురుకైన భార్య తలనొప్పితో పడుకోవడం అరుదేమీ కాదు. 4,130 మీటర్ల దగ్గర వాయుపీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతమే. ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. శరీరం దానికి అలవాటు పడటానికి వ్యవధి కావాలి, ఆ వ్యవధిని కండబలంతో కుదించలేము. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ పడుకునే ఎత్తులో తేడా 500 మీటర్లకు మించకూడదన్నది సాధారణ నియమం.

తలనొప్పి, దానితో పాటు వికారమో, ఆకలి లేకపోవడమో, విపరీతమైన నీరసమో, కళ్లు తిరగడమో ఉంటే అది ఎత్తుల జబ్బేనని అనుకోండి, మరొక కారణం తేలేదాకా. అటువంటప్పుడు పైకి ఎక్కకూడదు. ఉన్నచోటనే ఆగి, తగ్గకపోతే దిగిపోవాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఆగని దగ్గు ఉన్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదేమోనని అనుమానించాలి. మాట తడబడటం, నడక తూలడం మెదడు వాపుకు గుర్తులు. నేల మీద ఒక గీత ఊహించుకొని, వెనుక పాదం వేళ్లకు ముందు పాదం మడమ ఆనేలా నడవమనండి. నడవలేకపోతే అర్ధరాత్రి అయినా సరే కిందికి దింపవలసిందే. ఈ లక్షణాలను రోగి తనంతట తాను గుర్తించలేడు, ఒప్పుకోడు కూడా. ఇద్దరుగా ప్రయాణించడంలోని అసలు లాభం ఇక్కడే ఉంది: రోజూ సాయంత్రం ఒకరినొకరు నాలుగు ప్రశ్నలు అడగండి, మొగమాటం లేకుండా జవాబు చెప్పండి. "నా వల్ల యాత్ర చెడుతుందేమో" అని భర్త దగ్గర తలనొప్పి దాచిన భార్యలనూ, భార్య దగ్గర దాచిన భర్తలనూ నేను చూశాను.

నివారణకు ఎసిటజోలమైడ్, అంటే డయామాక్స్ పేరుతో దొరికే మాత్ర ఉంది. పెద్దవారికి 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి వాడటం పరిపాటి. సల్ఫా మందులు పడనివారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టకూడదు. వేళ్ల చివర తిమ్మిరి, మాటిమాటికీ మూత్రం రావడం మామూలే. మద్యం, నిద్రమాత్రలు ఆ ఎత్తులో వద్దు. గర్భం వచ్చి ఉండవచ్చన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ముందు పరీక్ష చేయించుకోండి; ఉన్నట్లయితే ఈ మాత్ర, ఈ ఎత్తు, బంజీ మూడూ వాయిదా వేసుకోవలసినవే. రక్తపోటు, వెన్నెముక, కంటి రెటీనా సమస్యలున్నవారు బంజీకి దూరంగా ఉండాలి. మీ కళ్లద్దాల నంబరు ఎక్కువైతే, వెళ్లేముందు కంటి వైద్యుణ్ణి కలవండి.

బీమా తీసుకునేటప్పుడు నేపాల్‌కు వర్తిస్తుందా, ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుంది, హెలికాప్టర్ తరలింపు ఉందా, పారాగ్లైడింగ్‌నూ బంజీనీ మినహాయించారా అన్నవి రాతపూర్వకంగా అడగండి. చిన్న తలనొప్పికే హెలికాప్టర్ పిలిపించి బీమా సొమ్ము కాజేసే దందాపై 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది. కాబట్టి నిజమైన అవసరం ఏదో, ఎవరో లాభానికి చెప్పేది ఏదో మీకు తెలిసి ఉండాలి. నడవగలిగిన మనిషికి వెయ్యి మీటర్లు దిగడమే చాలావరకు మందు.

జవాబు 3: గోదారి గట్టు

పెద్దలు చెప్పినవి కాదనను గానీ, నాకు మరో అభిప్రాయం ఉంది. రెండు వారాల్లో బేస్ క్యాంపూ, మూడు సాహస క్రీడలూ కుదురుతాయన్నది కాగితం మీది లెక్క. వాన పడి రోడ్డు మూసుకుపోతే, ఒకరికి కడుపు చెడితే ఆ లెక్కలో ఖాళీ లేదు. బేస్ క్యాంపు బదులు ఘోరేపానీ, పూన్ హిల్ వెళ్లమంటాను. 3,210 మీటర్లే, నాలుగైదు రోజుల్లో తీరిగ్గా తిరిగి రావచ్చు, ధవళగిరీ అన్నపూర్ణా రెండూ కనబడతాయి. ఉల్లేరి మెట్లు మూడు వేలకు పైబడి ఉంటాయి కాబట్టి కష్టమేమీ తక్కువ కాదు. మిగిలిన రోజులు నదికివ్వండి.

నది గురించి చెప్పే అర్హత నాకు కొంత ఉంది కనుక అది వివరిస్తాను. నదుల సుడుల తీవ్రతను ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కిస్తారు. వానలు తగ్గాక త్రిశూలిలో మామూలుగా రాఫ్టింగ్ చేయించే భాగం రెండు, మూడు తరగతులది. ఈత రానివారిని కూడా తీసుకెళ్తారు. భోటేకోశి నాలుగు, ఐదు తరగతులది, దాని జోలికి మీ వారు వెళ్లకూడదు. ఈత రాదన్న సంగతి పడవ ఎక్కకముందే గైడుకు చెప్పాలి, సిగ్గుపడి దాచవద్దు. లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగితే గడ్డం దాకా జారకూడదు, అంత బిగువుగా పట్టీలు కట్టించుకోవాలి. 2019 సెప్టెంబరులో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో మన గోదావరి జిల్లాల వారికి తెలుసు. ఆ రోజు నుంచి నేను జాకెట్ లేకుండా నాటు పడవ కూడా ఎక్కను.

నీళ్లలో పడితే చేయవలసింది మీ వారికి ఇంటి దగ్గరే నేర్పండి. వెల్లకిలా తేలుతూ, పాదాలు ప్రవాహం పోయే వైపు పైకెత్తి ఉంచుకోవాలి. మోకాలి లోతు నీళ్లే కదా అని ప్రవాహంలో నిలబడటానికి ప్రయత్నించకూడదు, రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నీటి వేగం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. విసిరిన తాడును పట్టుకోవాలి గానీ చేతికి చుట్టుకోకూడదు. ఇక భార్యాభర్తలు పడవలో పక్కపక్కనే కూర్చోవాలని పట్టుబట్టకండి. గైడు బరువులు చూసి ఎటు కూర్చోమంటే అటు కూర్చోండి.

మరొక హెచ్చరిక. దసరా అక్టోబరులో వస్తే ఫరవాలేదు గానీ సెప్టెంబరు చివర్లో వచ్చే ఏళ్లలో నేపాల్‌లో వానలు పూర్తిగా వెనుదిరగవు. 2024 సెప్టెంబరు చివరి వారంలో కాఠ్‌మాండూ లోయ మునిగింది, రాజమార్గం మీద కొండచరియలు బస్సుల మీద పడ్డాయి. నది బురదరంగులో పొంగుతుంటే, డబ్బు ముందే కట్టాము కదా అని పడవ ఎక్కవద్దు.

జవాబు 4: మెట్టదారి

నేను రాసేది మీ వారి కోసం. నాకూ ఎత్తులంటే భయం, మా ఆవిడకు లేదు, ఇద్దరం పొఖరా వెళ్లి వచ్చాము. అందుచేత భయం లేనివారు రాయలేని రెండు మూడు సంగతులు చెప్పగలను.

బాల్కనీ అంచున కలిగే భయం పారాగ్లైడింగ్‌లో అదే రూపంలో రాకపోవచ్చు. అంచు అనేది ఉండదు, కాళ్ల కింద గోడ ఉండదు, లోతును కొలుచుకోవడానికి కంటికి ఆధారం దొరకదు. నాకు గాలిలో ఉన్నంతసేపూ ప్రశాంతంగానే అనిపించింది. భయమంతా ఎగరడానికి ముందు వాలు మీద పరుగెత్తే ఆ కొద్ది క్షణాల్లోనే ఉంది. పైలట్ "పరుగెత్తు" అన్నప్పుడు మధ్యలో కూర్చుండిపోతే ఇద్దరూ దొర్లిపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పరుగెత్తగలనన్న నమ్మకం ఉంటేనే పట్టీలు కట్టించుకోవాలి. అందరికీ నా అనుభవమే కలుగుతుందని చెప్పను. అక్కడికి వెళ్లి, నలుగురు ఎగరడం చూసి, అప్పుడు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఆయనకు ఉండాలి. దంపతులు ఒకే గ్లైడరులో ఎగరలేరు. ఒక్కొక్కరికీ ఒక్కో పైలట్ ఉంటాడు, కొద్ది నిమిషాల తేడాలో వేర్వేరుగా లేస్తారు. నేపాల్ పౌర విమానయాన ప్రాధికార సంస్థ ఇచ్చిన లైసెన్సు చూపమని పైలట్‌ను అడగడానికి సంకోచించకండి. విన్యాసాలు వద్దని ముందే చెబితే చేయరు, కడుపులో తిప్పకుండా ఉంటుంది.

బంజీ విషయంలో ఆయన ముందే గీసిన గీతను గౌరవించండి. కుశ్మాలో 228 మీటర్ల ఎత్తు నుంచి, కాళీగండకి లోయ మీద వేలాడే వంతెన నుంచి దూకుతారు. అంటే దూకని మనిషి కూడా తోడు రావాలంటే ఆ వంతెన మీదికి నడవాలి. మా ఆవిడ దూకిన రోజు నేను గట్టునే ఉండిపోయాను. అందులో ఇద్దరికీ చిన్నతనం అనిపించలేదు, తిరిగి వచ్చేటప్పుడు బస్సంతా ఆమె మాటలే. మీ చివరి సందేహానికి నా జవాబు ఇదే. నడక ఇద్దరూ కలిసి నడవండి, దూకుళ్లు ఎవరివి వారు దూకండి. అక్కడికి వెళ్లాక, నలుగురి ముందు, "ఒక్కసారి ప్రయత్నించండి, ఏం కాదు" అన్న మాట మాత్రం రాకూడదు. ఆ మాటకు లొంగి దూకినవారిలో ఆనందం కన్నా అలక ఎక్కువ మిగులుతుంది.

వాలీబాల్ ఆడే మీకు ఒక శుభవార్త. నేపాల్ 2017లో వాలీబాల్‌ను జాతీయ క్రీడగా ప్రకటించింది. కొండల్లోని ఊళ్లలో చదునైన జాగా చారెడంత దొరికినా వల కట్టేస్తారు. ఘాంద్రుక్‌లో సాయంత్రం బడి పిల్లలతో నాలుగు సర్వీసులు వేయండి, దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: వాలీబాల్ కోర్టు, హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. జవాబులన్నీ ఇద్దరం కూర్చొని చదివాము. పూన్ హిల్ సలహా గురించి ఒక పూట వాదించుకున్నాము. ఈ ఏడు దసరా అక్టోబరు మూడో వారంలో ఉన్నందున, వానలు సర్దుకుంటాయన్న ఆశతో బేస్ క్యాంపుకే మొగ్గు చూపాము. అయితే దేవరాలీకి చేరే రోజుకు ఒక రోజు వెనుకబడి ఉన్నా, ఎవరికైనా తలనొప్పి ఉన్నా అక్కడి నుంచే వెనుదిరగాలని, ఆ నిర్ణయాన్ని ఇద్దరిలో ఎవరు తీసుకున్నా రెండోవారు ప్రశ్నించకూడదని ఒప్పందం చేసుకున్నాము. రాఫ్టింగ్ ఇద్దరమూ, త్రిశూలిలోనే. పారాగ్లైడింగ్ ఆయన అక్కడికి వచ్చి చూసి చెబుతారు. బంజీ నాది. డాక్టరు గారు చెప్పిన కంటి పరీక్షకు వచ్చే వారం వెళ్తున్నాను.

మిగిలినవి రెండు సందేహాలు. గైడు తప్పనిసరి అని కొందరు, కాదని కొందరు అంటున్నారు, ఏది నిజం? మన దసరా సమయంలోనే అక్కడ దశైన్ పండుగ కదా, గైడులూ బస్సులూ దొరుకుతాయా?

జవాబు 5: కొండదారి

విదేశీయులు లైసెన్సు ఉన్న గైడుతోనే నడవాలని నేపాల్ పర్యాటక బోర్డు 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం పెట్టింది. దారిని బట్టి, తనిఖీ చేసే మనిషిని బట్టి అమలు మారుతుండటం వల్ల మీకు రెండు రకాల మాటలూ వినబడుతున్నాయి. నియమం ఎలా ఉన్నా, మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి గైడును పెట్టుకోండి. ఒకరికి ఒంట్లో బాగాలేక దిగవలసి వస్తే, జబ్బుపడిన మనిషిని ఒంటరిగా పంపకూడదు; మూడో మనిషి ఉంటేనే సాయానికి కబురు పెట్టడమైనా, సామాను దించడమైనా సాగుతుంది. దేవరాలీ నుంచి పైకి హిమపాతాలు జారే వాలులు ఉన్నాయి. 2020 జనవరిలో ఆ దాపుల్లోనే కొరియా యాత్రికులు, వారి నేపాలీ సహాయకులు ప్రాణాలు కోల్పోయారు. అక్టోబరులో ఆ ప్రమాదం చాలా తక్కువే అయినా, అకాలంగా మంచు పడితే దాటాలా ఆగాలా అన్నది స్థానికుడే చెప్పగలడు. ఇద్దరికీ కలిపి ఒక కూలీని పెట్టుకుంటే చెరొక చిన్న సంచితో నడవవచ్చు; ఆయనకు ఇచ్చే బరువు 20 కిలోలు మించకుండా చూడండి, బీమా, వెచ్చని దుస్తులు ఉన్నాయో లేదో బయలుదేరేముందే అడగండి.

దశైన్ విషయం గట్టిగా పట్టించుకోవలసిందే. విజయదశమి రోజున పెద్దల చేత నుదుట టీకా పెట్టించుకోవడానికి ఊరు చేరని నేపాలీలు తక్కువ. దానికి ముందు నాలుగైదు రోజులు కాఠ్‌మాండూ నుంచి బయటికి వెళ్లే బస్సులు కిక్కిరిసి ఉంటాయి, పండుగ రోజున చాలా కొట్లు మూసి ఉంటాయి. కాబట్టి కాఠ్‌మాండూ నుంచి రాఫ్టింగ్‌కు, పొఖరాకు బస్సు సీట్లు ఇక్కడి నుంచే మాట్లాడి పెట్టుకోండి. గైడును కూడా ఇప్పుడే కుదుర్చుకోండి; పండుగ నాడు తాను ఇంట్లో ఉండాలా, మీతో నడవగలడా అన్నది సూటిగా అడగండి. పండుగ చేసుకోని కుటుంబాలవారు, క్రైస్తవులు, కొందరు బౌద్ధ గురుంగులు ఆ రోజుల్లో పనికి సిద్ధంగా ఉంటారు. అనుమతి పత్రాలు పొఖరాలో డ్యామ్‌సైడ్ దగ్గరున్న పర్యాటక బోర్డు కార్యాలయంలో ఇస్తారు. సెలవు దినాల్లో వేళలు మారతాయి కనుక పొఖరా చేరిన రోజే, పాస్‌పోర్టు నకలు, రెండేసి ఫోటోలు పట్టుకొని వెళ్లి తీసేసుకోండి. స్లీపింగ్ బ్యాగు, డౌన్ జాకెట్ కొనకండి, లేక్‌సైడ్‌లో అద్దెకు దొరుకుతాయి. బూట్లు మాత్రం ఇక్కడే కొని, ఇప్పటి నుంచే తొడుక్కొని చెరువు కట్ట మీద తిరగండి.